చెప్పి వచ్చే తనిఖీ

ఫంక్షన్ హాల్ రెండో అంతస్తులో భోజనాల బంతి ఇంకా వేయలేదు. బావగారు కూర్చోకుండా హాలు చివరిదాకా నడిచి, 'ఎగ్జిట్' అని పచ్చ లైటు వెలుగుతున్న తలుపును తోసి చూశారు. అది జానెడు కదిలి ఆగిపోయింది. అవతల మెట్ల మీద ప్లాస్టిక్ కుర్చీలు నిలువెత్తున పేర్చి ఉన్నాయి, వాటి పక్కన రెండు ఖాళీ గ్యాస్ సిలిండర్లు. "రిటైరయ్యాక కూడా తనిఖీలు మానరా బావా?" అని బావమరిది నవ్వాడు. వాదన అక్కడ మొదలైంది.

ఈ ఇద్దరూ ఊహించుకున్న మనుషులే. వాళ్ల నోట వచ్చే ప్రమాదాలు, చట్టాలు, తేదీలు మాత్రం ఊహలు కావు. బావగారు ఫ్యాక్టరీల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేరి విశాఖలోనూ, హైదరాబాద్ చుట్టుపక్కలా పనిచేసి దిగిపోయినవారు. బావమరిదికి బాలానగర్‌లో ప్రెస్ షాపు ఉంది. రేకు కోసి, వంచి, ఫ్యాన్లకూ స్విచ్ బోర్డులకూ బ్రాకెట్లు చేసిస్తాడు. పనివాళ్లు 14 మంది.

"మీవాళ్లు వచ్చి చూస్తే మాత్రం ఆ కుర్చీలు కదులుతాయా? వస్తున్నామని ఫోనొస్తే పొద్దున తీయిస్తారు, వెళ్లిపోయాక సాయంత్రం మళ్లీ పెట్టిస్తారు."

"ఫోన్ చేసి ఎందుకు రావాలి?"

"చేయకుండా వచ్చిన రోజులు కూడా చూశాను కదా," అని బావమరిది వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. "షెడ్డు తెరిచిన ఏడాది ఎంతమంది వచ్చారో చెప్పమంటారా? ఫ్యాక్టరీ లైసెన్సు ఒకటి. పొల్యూషన్ బోర్డు వాళ్ల అనుమతులు సీఎఫ్‌ఈ, సీఎఫ్‌ఓ. ఫైరు. కరెంటు ఇన్‌స్పెక్టరేటు. తూనికలు, కొలతలు. ఈఎస్‌ఐ, పీఎఫ్, లేబరు. ఆఖర్న మున్సిపాలిటీ వాళ్ల డి అండ్ ఓ లైసెన్సు. ఒక్కొక్కరికీ ఒక ఫైలు, ఒక్కో ఫైలుకూ దసరాకి ఒక స్వీటు డబ్బా. డబ్బాలో స్వీటే ఉందని ఇచ్చేవాడూ అనుకోడు, పుచ్చుకునేవాడూ అనుకోడు. నా ప్రెస్సుల దగ్గరికి వెళ్లి నిలబడి చూసినవాడు వాళ్లలో ఒక్కడు లేడు."

మామూళ్లు లేవని బావగారు బుకాయించలేదు. ఆ శాఖలో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి కాదంటే నమ్మేవాళ్లూ ఉండరు. "లంచం తీసుకునేవాణ్ణి పట్టుకోవాలంటే ఏసీబీ ఉంది. వాడి పేరు చెప్పి మొత్తం తనిఖీనే ఎత్తేస్తే లాభం ఎవరికి?" అన్నారాయన.

"ఎత్తేయలేదు కదా, ఒక దారిలో పెట్టారు. కంప్యూటరు లాటరీ తీసి ఎవరు ఎక్కడికి వెళ్లాలో చెబుతుంది. వెళ్లినవాడే రెండోసారి వెళ్లకూడదు. రిపోర్టు 48 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలి. మాలాంటివాళ్లం సెల్ఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకోవచ్చు. 2016లో సులభతర వ్యాపారంలో ఆంధ్ర, తెలంగాణ కలిసి మొదటి ర్యాంకు కొట్టాయంటే ఊరికే కొట్టాయా?"

బావమరిది చెప్పిన సంస్కరణల్లో మంచి ఉంది. ఏ ఇన్‌స్పెక్టరు ఏ యూనిట్‌ను తన పాడిగేదెగా చేసుకోవాలో ముందే పంచుకునే పద్ధతికి లాటరీ అడ్డుకట్ట వేసింది. రిపోర్టును ఇంట్లో పెట్టుకుని బేరమాడే వీలును 48 గంటల గడువు తగ్గించింది. చిక్కంతా సెల్ఫ్ సర్టిఫికెట్ దగ్గరే వచ్చింది.

"నీ దగ్గర పవర్ ప్రెస్సులు ఎన్ని?" అని అడిగారు బావగారు.

"ఐదు."

"రెండు చేతుల బటన్లు ఉన్నాయా?"

"అన్నిటికీ ఉన్నాయి. సర్టిఫికెట్‌లో రాశాను కూడా."

పవర్ ప్రెస్సు చూడనివాళ్ల కోసం ఒక మాట. కింద డై ఉంటుంది, పైనుంచి టన్నుల బలంతో రామ్ దిగుతుంది. మధ్యలో రేకు ముక్క పెట్టి చెయ్యి తీసేయాలి. తీయకముందే రామ్ దిగితే వేళ్లు ఉండవు. అందుకని రెండు బటన్లు ఎడంగా బిగిస్తారు. రెండూ ఒకేసారి నొక్కితేనే రామ్ కదులుతుంది కాబట్టి ఆ క్షణంలో రెండు చేతులూ బటన్ల మీదే ఉంటాయి. ఇంత తేలికైన రక్షణను ఓడించడమూ అంతే తేలిక. పాత ప్రెస్సుల్లో ఒక బటన్‌ను నొక్కి పట్టి, పైన నల్ల ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు చుడితే చాలు. ఇక ఒక చేత్తో రేకు పెట్టుకుంటూ, రెండో చేత్తో నొక్కుకుంటూ పోవచ్చు. గంటకు పీసులు పెరుగుతాయి.

"చెప్పి వెళ్లిన ఏ షాపులోనూ నాకు టేపు కనపడలేదు. బటన్ మీద జిగురు మరక కనపడేది. చెప్పకుండా వెళ్లినచోట టేపే కనపడేది. నువ్వు రాసిచ్చిన సర్టిఫికెట్‌లో బటన్లు ఉన్నాయని ఉంటుంది. అది అబద్ధం కాదు. టేపు సంగతి అందులో ఏ గడిలో రాస్తావు?"

"టేపు చుట్టేది నేనా? వద్దని గోడకి బోర్డు కూడా పెట్టించాను."

"పీస్ రేటు పెట్టిందెవరు?"

బావమరిది చేతిలోని మంచినీళ్ల సీసా మూత తిప్పుతూ కాసేపు ఊరుకున్నాడు.

చెప్పకుండా రావడం ఇన్‌స్పెక్టరు దౌర్జన్యమేమీ కాదు. 1947లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 81వ ఒప్పందం కార్మిక తనిఖీ గురించే. తనిఖీ పరిధిలోని పనిచోట్లలోకి ఇన్‌స్పెక్టరు పగలైనా రాత్రయినా ముందస్తు కబురు లేకుండా వెళ్లవచ్చని అందులో ఉంది. భారత్ దాన్ని 1949లోనే ఆమోదించింది. ఫ్యాక్టరీల చట్టం అంతకు ముందు ఏడాది, 1948లో వచ్చింది. ప్రాణాపాయం ఎదుట కనపడితే ఆ యంత్రాన్నో ఆ భాగాన్నో అక్కడికక్కడే ఆపించే అధికారం ఇన్‌స్పెక్టరుకు ఇచ్చింది. జిల్లా మేజిస్ట్రేటును కూడా తన జిల్లాకు ఇన్‌స్పెక్టరుగానే గుర్తించింది. ఆ చట్టం కింద జిల్లాలో ఏ ఫ్యాక్టరీ గేటు ముందైనా కలెక్టరు కారు దిగి లోపలికి వెళ్లి ప్రెస్సు బటన్ చూడగలిగేవారు. చూసిన కలెక్టర్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

"సరే, పెద్ద సంగతికి రండి," అని బావమరిది తేరుకున్నాడు. "విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్‌కి లైసెన్సులు లేవా? మీ శాఖ లేదా? పొల్యూషన్ బోర్డు లేదా? ఇంతమంది ఉండి ఏం ఆపారు?"

ఈ దెబ్బ గట్టిదే. 2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఫ్యాక్టరీ గోడ దాటి ఇళ్ల మీద పడింది. నిద్రలోంచి లేచి పరిగెత్తినవాళ్లు దారిలోనే కూలిపోయారు. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. సీనియర్ ఐఏఎస్ అధికారి నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన వేసిన హైపవర్ కమిటీ ఆ జులైలో నివేదిక ఇచ్చింది. లాక్‌డౌన్‌లో ట్యాంకులో స్టైరీన్ కదలకుండా నిలవ ఉంది. అది తనంతట తాను గడ్డకట్టే రసాయన చర్యలోకి పోకుండా ఆపే మందు సరిపడా లేదు. చల్లబరిచే వ్యవస్థను సాయంత్రం 5 గంటలకు ఆపేసేవారు. ఉష్ణోగ్రత కొలిచేది ట్యాంకు అడుగున మాత్రమే, వేడెక్కింది పై భాగం. అన్నిటికంటే పట్టి కుదిపే సంగతి సైరను. దాన్ని మోగించే పాయింట్లు ఫ్యాక్టరీలో 36 ఉన్నాయి, అందులో ఒకటి గేటు దగ్గరే. ఆ రాత్రి ఒక్కటీ నొక్కలేదు.

"సైరను నొక్కకపోవడం కంపెనీ తప్పు," అన్నారు బావగారు. "నొక్కితే ఏం చేయాలో ఊళ్లోవాళ్లకి చెప్పకపోవడం అందరి తప్పు. మా శాఖ కూడా అందులో ఉంది."

"నేనన్నదీ అదే! ఉత్పత్తి చేస్తున్న సరుకుకి సరిపడా పర్యావరణ అనుమతి తన దగ్గర లేదని ఆ కంపెనీయే 2019 మేలో అఫిడవిట్ రాసిచ్చింది. కాగితం సర్కారు చేతిలోనే ఉంది. ఏడాదిపాటు ఎవరైనా తాళం వేశారా? పోనీ, 1961లో ఊరికి దూరంగా పెట్టిన ఫ్యాక్టరీ గోడ దాకా ఊరు పెరుగుతుంటే మున్సిపాలిటీ ఏం చేసింది? ఇంటిపన్ను వేసింది, కుళాయి ఇచ్చింది. మాలాంటి చిన్నవాళ్ల మీద మాత్రం ఫైళ్లు దులుపుతారు."

ఇక్కడ బావమరిది పక్షాన నిలబడక తప్పదు. ప్రమాదం తర్వాత కాలుష్య నియంత్రణ మండలి, ఫ్యాక్టరీల శాఖ అధికారులు సస్పెండయ్యారు, కంపెనీ పెద్దలు అరెస్టయ్యారు. అధికారం ఎవరికి ఎంత ఉందో 12 మంది పోయాకే తేటగా కనపడింది. అంతకు ముందు రోజు ఆ ఫ్యాక్టరీని ఎవరు చూడాలి అని అడిగి ఉంటే నాలుగు కార్యాలయాలు నాలుగు వైపులకు చెయ్యి చూపించేవి.

భోజనాలకు పిలుపొచ్చింది. పప్పు, వంకాయ కూర వడ్డించేదాకా ఇద్దరూ మాట్లాడలేదు. తర్వాత మొదలుపెట్టింది బావగారు.

"పాశమైలారం సంగతి విన్నావుగా. 2025 జూన్ 30. సిగాచి ఫ్యాక్టరీ. మందుబిళ్లల్లో కలిపే సెల్యులోజ్ పొడి తయారయ్యే చోట పేలింది. 50 మందికి పైగా పోయారు. బీహారు, ఒడిశా, యూపీ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. డీఎన్‌ఏ పరీక్ష చేస్తేగాని ఎవరి శవమో తెలియలేదు. లోపల ఎంతమంది ఉన్నారో లెక్క తేలడానికే రోజులు పట్టింది. హాజరు పట్టీ కూడా సర్టిఫికెట్ లాంటిదే కదా, నువ్వు రాసుకున్నదే."

"ఆ పంచాయతీ వాళ్లు ఏం చేస్తున్నారు మరి?"

"పారిశ్రామిక వాడలో పంచాయతీ ఎక్కడుంది? అక్కడ ఐలా ఉంటుంది."

ఐలా సంగతి పారిశ్రామిక వాడల బయట ఉండేవాళ్లకు పెద్దగా తెలియదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పారిశ్రామిక వాడలకు పంచాయతీ, మున్సిపాలిటీ అధికారాలను 'ఇండస్ట్రియల్ ఏరియా లోకల్ అథారిటీ'కి బదలాయించారు. ఆంధ్రలో ఏపీఐఐసీ, తెలంగాణలో టీజీఐఐసీ దాన్ని నడుపుతాయి. ఆస్తిపన్ను వసూలు చేసేదీ, భవనాలకు అనుమతిచ్చేదీ, రోడ్లూ దీపాలూ చూసేదీ అదే. వసూలైన పన్నులో 35 శాతం పక్క పంచాయతీకో మున్సిపాలిటీకో వెళుతుంది. వాడ లోపల ఏదైనా పేలితే పొగ వెళ్లేదీ ఆ పక్క ఊరికే. అక్కడి సర్పంచికి గేటు లోపల అడిగే హక్కు లేదు. ప్లాట్లు అమ్మి పరిశ్రమలను పిలుచుకొచ్చే సంస్థే అక్కడ స్థానిక ప్రభుత్వం కూడా. పెట్టుబడి తెచ్చేవాడూ తప్పు పట్టేవాడూ ఒకే కుర్చీలో కూర్చోవడం ఎంత మంచి అధికారికైనా ఇబ్బందే.

అచ్యుతాపురం కథ దీనికి ఇంకో ముఖం. 2024 ఆగస్టు 21 మధ్యాహ్నం భోజన వేళ ఎసెన్షియా ఫార్మా యూనిట్‌లో ద్రావకం కారి, ఆవిరై, మంట తగిలి పేలింది. 17 మంది చనిపోయారు. అది ప్రత్యేక ఆర్థిక మండలి. ఊరికి మరింత దూరం, మరో కంచె.

"నేను పారిశ్రామిక వాడలో లేను. జీహెచ్‌ఎంసీలో ఉన్నాను. అక్కడ ఏం గొప్ప?" అన్నాడు బావమరిది. "డి అండ్ ఓ లైసెన్సు ఎలా ఇస్తారో తెలుసా? ప్రమాదకరమైన, దుర్గంధం వచ్చే వ్యాపారాలకని పెట్టిన లైసెన్సు అది. ఫీజు లెక్క మాత్రం షాపు ఎన్ని చదరపు అడుగులు, ముందున్న రోడ్డు ఎంత వెడల్పు అని. మా షెడ్డు కొలిచారు. రోడ్డు కొలిచారు. ఫీజు కట్టించుకున్నారు. లోపల తయారయ్యేది బ్రాకెట్లా బాంబులా అని ఎవరూ అడగలేదు."

బావగారు నవ్వారు గానీ సికింద్రాబాద్‌లో ఒక్క ఏడాదిలో జరిగినవి తలుచుకుంటే నవ్వు నిలవదు. 2022 మార్చి 23న భోయిగూడలో తుక్కు గోడౌన్ పై అంతస్తులో పడుకున్న 11 మంది బీహారు కూలీలు అగ్నికి ఆహుతయ్యారు. కిందికి దిగడానికి ఉన్నది ఒక్క ఇరుకు గుండ్రటి మెట్ల దారి. సెప్టెంబరు 12 రాత్రి రూబీ లాడ్జిలో 8 మంది పోయారు. లాడ్జి కింద సెల్లారులో విద్యుత్ స్కూటర్ల షోరూము పెట్టారు. మరుసటి ఏడాది మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో పొగకు ఊపిరాడక ఆరుగురు చనిపోయారు. ఉద్యోగాల కోసం జిల్లాల నుంచి వచ్చిన పాతికేళ్ల లోపు పిల్లలు. మొత్తం 25 మంది. మూడు చోట్లా కార్పొరేషన్ మనిషి నడిచి వెళ్లి చూడగలిగిన దూరమే. సెల్లారులో పార్కింగు ఉందా, షోరూము ఉందా అని తెలుసుకోవడానికి ఇంజినీరింగు డిగ్రీ కూడా అక్కర్లేదు.

"ఎత్తు 15 మీటర్లు దాటని వాణిజ్య భవనమైతే అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ పరిధిలోకి రాదు, అప్పట్లో జీహెచ్‌ఎంసీయే చూసుకోవాల్సింది," అని బావగారు గుర్తు చేశారు. "మంట మీటర్లు చూసుకుని రాదు. ఊళ్లో ఎక్కువ దుకాణాలు, లాడ్జీలు, ట్యూషన్ సెంటర్లు ఆ ఎత్తు లోపలే ఉంటాయి."

"మున్సిపాలిటీని నమ్మమంటారా మీరు? ఊళ్లో అందరికీ భద్రత చెప్పే మున్సిపాలిటీ తన డ్రైనేజీలోకి మనిషిని దింపుతుంది. 2016లో మాదాపూర్‌లో మ్యాన్‌హోల్‌లో దిగిన కూలీలూ, వాళ్లను పైకి లాగబోయినవాడూ పోలేదా?"

ఇది ఎవరూ తేలిగ్గా దాటలేని మాట. మనుషులను మురుగు కాలువల్లోకి దింపే ప్రమాదకర పనిని 2013 చట్టం నిషేధించింది. స్థానిక సంస్థ పేరు పెట్టి మరీ నిషేధించింది. అలా చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. పెంచాల్సి వచ్చిందంటే చావులు ఆగలేదనే కదా. పని కాంట్రాక్టరుకు ఇచ్చామని, దిగమని తాము చెప్పలేదని సంస్థలు చేతులు దులుపుకుంటాయి. టేపు తాను చుట్టలేదన్న బావమరిది మాటకూ దీనికీ పెద్ద తేడా లేదు. ఇరుకు సందుల్లో పట్టే చిన్న జెట్టింగ్ యంత్రాలను హైదరాబాద్ జలమండలి 2017లో తెచ్చింది. చేయదలిస్తే దారి ఉంటుందనడానికి అది చాలు.

అయినా బావగారు వెనక్కి తగ్గలేదు. స్థానిక సంస్థ తప్పు చేస్తే స్థానిక సంస్థను తీసేస్తామా అన్నారు. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం గుర్తు చేశారు. ఊరి నీళ్లు, మురుగు, అంటువ్యాధులు, ఆహారం చూసే బాధ్యతను స్థానిక సంస్థలకు, వాటి ఆరోగ్యాధికారులకు అప్పగించిన చట్టమది. ఆంధ్ర ప్రాంతంలో ఇప్పటికీ దాని వారసత్వమే నడుస్తోంది. "ఊరివాడు చూసినట్టు రాజధానిలో ఉన్నవాడు చూడలేడు. పెరుగు గిన్నెలో బొద్దింక పడితే కంప్యూటరు లాటరీకి తెలుస్తుందా?"

"లండన్ వాళ్లు మాకంటే ముందే చెప్పారు బావా, ఇన్‌స్పెక్టరు వెంటపడితే భద్రత రాదని. లార్డ్ రోబెన్స్ కమిటీ, 1972. యజమానే బాధ్యత తీసుకోవాలి, చట్టాలు తగ్గాలి అన్నారు. దాన్నిబట్టే 1974లో వాళ్ల చట్టం వచ్చింది."

"ఆ రోబెన్స్ ఎవరో తెలుసా? 1966 అక్టోబరు 21న వేల్స్‌లోని అబెర్‌ఫాన్‌లో బొగ్గు గనిలోంచి తవ్విపోసిన మట్టిగుట్ట జారి బడి మీద పడింది. 144 మంది పోయారు, అందులో 116 మంది పిల్లలు. అప్పుడు జాతీయ బొగ్గు బోర్డుకి ఛైర్మన్ ఆయనే."

బావమరిదికి ఆ సంగతి తెలియదు. అయితే బావగారు అక్కడితో ఆపి ఉంటే అది వాదన కాదు, ఎత్తిపొడుపు అయ్యేది. ఆయన ఇంకో అడుగు వేశారు. రోబెన్స్ కమిటీ చెప్పిన స్వయం నియంత్రణలో కార్మికుడు ఉన్నాడు. బ్రిటన్‌లో 1977 నిబంధనల ప్రకారం యూనియన్లు భద్రతా ప్రతినిధులను నియమించుకోవచ్చు. వాళ్లు యంత్రాలు చూడవచ్చు, కాగితాలు అడగవచ్చు. మన సెల్ఫ్ సర్టిఫికెట్‌లో యజమాని సంతకం ఒక్కటే ఉంది. ప్రెస్సు మీద చెయ్యి పెట్టేవాడి సంతకానికి చోటే లేదు. పైగా అక్కడ ఫ్యాక్టరీలూ నిర్మాణాలూ కేంద్ర సంస్థ చూస్తే దుకాణాలు, ఆఫీసులు, గోడౌన్లు, హోటళ్లు స్థానిక కౌన్సిల్ చూస్తుంది. ఎవరిది ఏదో గీత గీసి చెప్పారు.

అప్పుడు బావమరిదికి కొడుకు గుర్తొచ్చాడు. కుర్రాడు కార్డిఫ్‌లో చదువుకుంటూ సాయంత్రాలు ఒక దక్షిణాది హోటల్లో పనిచేస్తున్నాడు. "వాళ్ల హోటల్ తలుపు మీద అంకె ఉంటుందట. సున్నా నుంచి ఐదు దాకా. కౌన్సిల్ మనిషి చెప్పకుండా వచ్చి వంటగది చూసి వేస్తాడట. మూడు వస్తే ఓనరు మొహం వేలాడేసుకుంటాడట."

అతను చెప్పిన అంకె కథల్లోది కాదు. వేల్స్‌లో 2013 నుంచి ఆ స్టిక్కరును లోపలికి వచ్చేవాళ్లకు కనపడేలా అంటించడం తప్పనిసరి. ఇంగ్లండ్‌లో ఇష్టముంటే పెట్టుకోవచ్చు. సున్నా వచ్చినవాడు ఇష్టపడి పెట్టుకుంటాడా అన్నది వేరే సంగతి. హైదరాబాద్‌లోనూ దీని రుచి కొంత చూశాం. 2024 ఏప్రిల్ నుంచి తెలంగాణ ఆహార భద్రతా విభాగం టాస్క్‌ఫోర్స్ హోటళ్ల వంటగదుల్లోకి వెళ్లి, కనపడినవి పేర్లతో సహా సోషల్ మీడియాలో పెట్టింది. గడువు దాటిన సరుకు, మూతలేని చెత్తబుట్టలు, బొద్దింకలు ఎక్కడున్నాయో ఊరంతా చదివింది. అదే ఏడాది అక్టోబరులో మోమోలు తిని ఒక మహిళ చనిపోయి, ఎందరో జబ్బుపడ్డాక ప్రభుత్వం పచ్చిగుడ్డు మయొనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. జరిమానా కంటే ఆ పోస్టులకే హోటళ్లవాళ్లు ఎక్కువ ఉలిక్కిపడ్డారు.

"హోటలుకి సరే, తినేవాడు తలుపు దగ్గర చదువుతాడు. నా ప్రెస్ షాపు తలుపు మీద అంకె వేస్తే ఎవడు చదువుతాడు?"

"పనికొచ్చేవాడు. వాడి పెళ్లాం. పక్క షెడ్డువాడు."

బావమరిది మరో ఆయుధం తీశాడు. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత చట్టంలో కరెంటు వాడేచోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ. కొత్త కోడ్‌లో 20 మంది ఉండాలి. తనకున్నది 14 మంది. "నిన్నటిదాకా ఫ్యాక్టరీ, ఇవాళ కాదు. మీ ఇన్‌స్పెక్టరు పేరు కూడా మారింది. ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్. సాయం చేయడానికి వస్తాడు, పట్టుకోవడానికి కాదు."

"ఫ్యాక్టరీ కాకపోతే ఎస్టాబ్లిష్‌మెంట్ అవుతావు. పదిమంది ఉంటే చాలు, కోడ్ నీకూ వర్తిస్తుంది. సాయం చేయడానికి వచ్చినవాడు టేపు చూసి ఏం చేయాలి చెప్పు? ఊడదీయాలా, పక్కకి చూడాలా?"

ఇద్దరూ ఎక్కువ దూరంలో లేని చోటు ఒకటి ఇక్కడ దొరికింది. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టంలో ఒక కొత్త అధ్యాయం చేర్చారు. ప్రమాదకర ప్రక్రియ ఉన్న ఫ్యాక్టరీ ఆ ప్రమాదాల సమాచారమంతా కార్మికులకూ, స్థానిక సంస్థకూ, చుట్టుపక్కల జనానికీ చెప్పి తీరాలని అందులో ఉంది. కొత్త కోడ్‌లోకీ ఆ షరతు వచ్చింది. చట్టం ఇంత తేటగా చెప్పినా వెంకటాపురంలో సైరను అంటే ఏమిటో తెలియని ఇళ్లే ఆ రాత్రి పడుకున్నాయి. కాగితం స్థానిక సంస్థకు చేరితే చాలదు. అది అక్కడి నుంచి వీధిలోకి రావాలి.

"తనిఖీ రిపోర్టు ఆన్‌లైన్‌లో పెడుతున్నారు కదా," అన్నాడు బావమరిది.

"పాస్‌వర్డు నీ దగ్గర ఉంది. నీ దగ్గర పనిచేసేవాడి దగ్గర లేదు. అదే రిపోర్టు తెలుగులో, కూలీలు బీహారువాళ్లయితే హిందీలో కూడా, గేటుకి అంటించు. చెప్పకుండా ఎప్పుడు వచ్చారు, ఏం చూశారు, ఏం సరిచేయమన్నారు, ఎప్పటిలోగా. నాలుగు లైన్లు."

"అంటిస్తాను. ఒక షరతు. ముందు మున్సిపాలిటీ తన మ్యాన్‌హోల్ దగ్గర అంటించాలి. ఎవరు దిగారు, ఏ యంత్రం వాడారు, గ్యాసు కొలిచారా అని. తర్వాత ఐలా తన ఆఫీసు గోడకి అంటించాలి. ఆ తర్వాత నా గేటు."

బావగారు వరసలో ఒప్పుకోలేదు. మున్సిపాలిటీ అంటించేదాకా నీ పనివాళ్ల వేళ్లు ఆగుతాయా అని అడిగారు. పెరుగన్నం అయ్యాక కూడా అది తెగలేదు. షరతు మాత్రం న్యాయమైనదే. ఇతరుల పనిచోటును తనిఖీ చేసే సంస్థ ముందుగా తన పనివాళ్ల విషయంలో లెక్క చూపాలి. అలాగని అది చూపేదాకా ప్రెస్సు మీద టేపు ఉండనివ్వడానికీ వీల్లేదు. చెప్పకుండా వచ్చే తనిఖీ ఉండాలి, దాని ఫలితం గేటు మీద ఉండాలి. ఈ రెండిటిలో ఒకటే ఉంటే మామూళ్లయినా మిగులుతాయి, జిగురు మరకైనా మిగులుతుంది.

ఈ లోపల పాఠకులు చేయగలిగింది ఒకటుంది. మీ వీధిలోని గోడౌను, లాడ్జి, ఫంక్షన్ హాలు, ఫ్యాక్టరీ ఏదైనా సరే, ఆఖరి తనిఖీ నివేదిక, అగ్నిమాపక ధ్రువపత్రం, ప్రమాదకర ఫ్యాక్టరీ అయితే ఊరివాళ్ల కోసం జిల్లా యంత్రాంగం తయారుచేసిన అత్యవసర ప్రణాళిక నకలు ఇమ్మని సమాచార హక్కు కింద అడగండి. మన రాష్ట్రాల్లో దరఖాస్తు రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. మనిషి ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని చట్టంలోనే ఉంది.